అనాటమీ పుస్తకం తెరుస్తున్న మా చెల్లెలి కూతురికి

చిన్నీ,

నర్సింగ్ కాలేజీలో చేరావు, అనాటమీ ఫిజియాలజీ పుస్తకం లావు చూసి టెన్షన్ పడుతున్నావు అని మీ అమ్మ చెప్పింది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు మొదటి నెలలు ఇలాగే ఉంటాయి. వార్డుల్లో పనిచేసి, ఆ తర్వాత చాలా ఏళ్లు మొదటి సంవత్సరం పిల్లలకు ఈ సబ్జెక్టే చెప్పాను కాబట్టి ఒక్క మాట గట్టిగా చెబుతున్నా: పేర్లు బట్టీ పట్టడంతో మొదలుపెట్టకు. ముందు దారి పట్టుకో. ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోంది, ఎందుకు పోతోంది అన్నది తెలిస్తే పేర్లు గుర్తుండటం కష్టం కాదు.

గుండె దగ్గర మొదలుపెట్టు. కాలి వేళ్ల నుంచి పైకి వచ్చే రక్తం కుడి కర్ణికలో, అంటే గుండె కుడివైపు పై గదిలో చేరుతుంది. ట్రైకస్పిడ్ కవాటం దాటి కింది గది అయిన కుడి జఠరికలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు పోతుంది. ఆక్సిజన్ నింపుకుని ఎడమ కర్ణికకు తిరిగొచ్చి, మైట్రల్ కవాటం దాటి ఎడమ జఠరికలోకి, ఆపైన మహాధమనిలోకి. పుస్తకం మూసేసి తెల్లకాగితం మీద బాణాలతో ఇది గియ్యి. ఎక్కడ చెయ్యి ఆగితే అక్కడ నీకు రానట్టు. ధమని అంటే మంచి రక్తం, సిర అంటే చెడు రక్తం అని బళ్లో విన్నది మాత్రం మర్చిపో. గుండె నుంచి బయటికి తీసుకుపోయేది ధమని, గుండెకు తెచ్చేది సిర. అందుకే ఊపిరితిత్తులకు పోయే పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువున్న రక్తం ఉంటుంది. వైవాలో, అంటే నోటి పరీక్షలో ఇది తప్పక అడుగుతారు.

కానీ నేను వైవా కోసం చెప్పడం లేదు. రేపు వార్డులో ఒక పెద్దాయన పడుకోలేక, రాత్రంతా కూర్చుని ఆయాసపడుతుంటాడు. ఎడమ జఠరిక బలహీనపడితే రక్తం ముందుకు పోలేక వెనక్కి, అంటే ఊపిరితిత్తుల్లోకి ఒత్తిడి పెరుగుతుంది. పడుకుంటే కాళ్లలోని రక్తం కూడా వచ్చి చేరి ఆయాసం ఇంకా ఎక్కువవుతుంది. అందుకే మంచం తల వైపు ఎత్తి కూర్చోబెడతాం. కుడివైపు బలహీనపడితే కాళ్లు వాస్తాయి. నువ్వు గీసిన బాణాల్ని వెనక్కి చదివితే ఈ రెండూ అందులోనే ఉన్నాయి. ఇది అర్థమైన నర్సు ఎవరూ చెప్పకుండానే దిండు సర్దుతుంది.

అంకెల్ని కూడా ఊరికే రాసుకోకు, కాగితం మీద లెక్క వేసి చూడు. గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 సార్లు అనుకుంటే దాదాపు 5 లీటర్లు. ఒంట్లో ఉన్న రక్తమే 5 లీటర్లు! అంటే నిమిషంలో మొత్తం ఒక చుట్టు తిరిగొస్తోంది. రక్తం ఒంట్లో చుట్టూ తిరుగుతుందని ఇంగ్లండ్ డాక్టరు విలియం హార్వే 1628లో లోకాన్ని ఒప్పించడానికి వాడిన వాదనల్లో ఇలాంటి లెక్క ఒకటి. అంత రక్తం తిన్న తిండి నుంచి ఎప్పటికప్పుడు కొత్తగా తయారు కావడం అసాధ్యం, కాబట్టి ఉన్నదే తిరుగుతోందన్నాడు. ధమనుల్ని సిరల్ని కలిపే కేశనాళికల్ని ఆయన చూడలేకపోయాడు. 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పిగీ కప్ప ఊపిరితిత్తుల్లో సూక్ష్మదర్శినితో చూశాడు.

మూత్రపిండాలకూ ఇదే పద్ధతి. రోజుకు సుమారు 180 లీటర్లు వడకడతాయి, మూత్రంగా వచ్చేది లీటరున్నర. మిగతాదంతా వెనక్కి రక్తంలోకి పోతోంది. ఎక్కడ, ఎలా అన్నదే నెఫ్రాన్ (మూత్రపిండంలో వడకట్టే సన్నటి గొట్టం) పాఠం మొత్తం. రోగి ఎంత తాగాడు, ఎంత మూత్రం పోశాడు అని ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు రాయడం నీకు చిన్న పనిలా అనిపించవచ్చు. మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకన్నా తగ్గితే వెంటనే డాక్టరుకు చెప్పాల్సింది నువ్వే.

చిన్నపేగు పాఠానికి వచ్చినప్పుడు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దగ్గర పెట్టుకో. గ్లూకోజు, సోడియం పేగు గోడలోని ఒకే వాహకం (మోసుకుపోయే ప్రోటీన్) మీద జంటగా లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్లు పోతాయి. విరేచనాల్లో కూడా ఈ దారి మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులకు కలరా సోకినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్‌లో డ్రమ్ముల్లో ఈ ద్రావణం కలిపి ఎన్నో వేల ప్రాణాలు నిలబెట్టారు. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపమని తల్లులకు ఎందుకంత గట్టిగా చెప్పాలో అప్పుడు నీకే తెలుస్తుంది.

కండరాల పాఠంలో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ వస్తుంది. దాన్ని కనిపెట్టినవాళ్లలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరని గుర్తుపెట్టుకుని చదువు.

చేతిపని ఇప్పటి నుంచే మొదలుపెట్టు. రూమ్మేట్ మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు మూడు వేళ్లతో నాడి చూడు. నీ బొటనవేలు వాడకు, దాని నాడే నీకు తగులుతుంది. నిమిషం పూర్తిగా లెక్కపెట్టు. తర్వాత చెయ్యి తియ్యకుండా, చెప్పకుండా ఊపిరి లెక్కపెట్టు. చూస్తున్నారని తెలిస్తే ఎవరైనా ఊపిరి మార్చేస్తారు.

దసరాకి వచ్చినప్పుడు తాతయ్య బీపీ నువ్వే చూడాలి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఆనించి, ఆయన్ని మాట్లాడనివ్వకుండా చూడు. కాఫీ తాగితే అరగంట ఆగు. స్టెతస్కోప్ కొనకు, నాది ఇస్తాను.

నీ పెద్దమ్మ