యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సరైనవే అయినా కాలేజీ వైఫైకి ఆండ్రాయిడ్ ఫోన్ ఎందుకు కనెక్ట్ కాదు?

కాలేజీలు, ఆఫీసుల్లో ఎక్కువగా వాడే డబ్ల్యూపీఏ2 ఎంటర్‌ప్రైజ్ అనే వైఫై భద్రతా పద్ధతిలో మీరెవరో సర్వర్ చూస్తుంది, ఆ సర్వర్ అసలుదేనా అని ఫోన్ చూస్తుంది. సాధారణంగా బెడిసికొట్టేది ఈ రెండోదే. ఇదివరకు సర్టిఫికెట్ (సర్వర్ అసలుదని చూపే డిజిటల్ గుర్తింపు పత్రం) దగ్గర 'డు నాట్ వ్యాలిడేట్' పెట్టి దాటేసేవాళ్లు. 2020 డిసెంబరు అప్‌డేట్‌తో పిక్సెల్ ఫోన్లలో ఆ ఆప్షన్ పోయింది, తర్వాత మరికొన్ని ఫోన్లలోనూ. పోవడమే మంచిదైంది. అదే పేరుతో ఎవరైనా దొంగ వైఫై పెడితే మీ లాగిన్ వాళ్ల చేతిలో పడేది.

ముందు ఆ నెట్‌వర్క్‌ను 'ఫర్గెట్' చేయండి. మళ్లీ నొక్కి ఈఏపీ మెథడ్‌లో పీఈఏపీ, ఫేజ్ 2లో ఎంఎస్‌చాప్‌వీ2 ఎంచుకోండి. ఎక్కువ చోట్ల ఇవే. సీఏ సర్టిఫికెట్ దగ్గర 'యూజ్ సిస్టమ్ సర్టిఫికెట్స్' పెట్టండి. డొమైన్ గడిలో చాలామంది వైఫై పేరు రాస్తారు. అక్కడ కావలసింది రేడియస్ సర్వర్ (లాగిన్ సరిచూసే సర్వర్) సర్టిఫికెట్‌లో ఉన్న డొమైన్. ఊహించి రాయొద్దు, ఐటీ విభాగాన్ని అడగండి.

కాలేజీ సొంత సర్టిఫికెట్ ఇస్తే దాన్ని సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో 'వైఫై సర్టిఫికెట్'గానే ఇన్‌స్టాల్ చేయాలి. పక్కనే ఉన్న 'సీఏ సర్టిఫికెట్' నొక్కితే ఇన్‌స్టాల్ అవుతుంది కానీ వైఫై జాబితాలో కనిపించదు.

ఫోన్‌లో తేదీ తప్పుగా ఉన్నా సర్టిఫికెట్ చెల్లదు. ఇక కాలేజీ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఫోన్‌ను గుర్తించే నంబర్) రిజిస్టర్ చేయించుకుంటే, ప్రైవసీలో 'రాండమైజ్డ్ మ్యాక్' బదులు 'డివైస్ మ్యాక్' పెట్టండి.