జిమ్‌లో సేల్స్ ఉద్యోగమా? రెన్యువల్స్ సంగతి అడిగి చేరమనండి

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి బీకాం అయ్యాక హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ట్యాలీ, జీఎస్టీ కోర్సు చేసింది. ఎనిమిది నెలలుగా అకౌంట్స్ ఉద్యోగం కోసం తిరుగుతోంది. ఇప్పుడు కొండాపూర్‌లో ఒక జిమ్ వాళ్లు మెంబర్‌షిప్ కన్సల్టెంట్‌గా రమ్మన్నారట. జీతం 15 వేలు, పైన ఇన్సెంటివ్. ‘జిమ్‌లో ఆడపిల్లకు ఉద్యోగమేంటి, రేపు సంబంధాల వాళ్లకు ఏం చెప్పాలి’ అంటున్నారు మావారు. అది మాత్రం చేరతానని కూర్చుంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీవారి సందేహం తేల్చేద్దాం. ఎవరైనా అడిగితే సేల్స్‌లో చేస్తోందని చెప్పండి. అందులో దాపరికమేమీ లేదు, ఉద్యోగం అదే. బరువులు ఎత్తించడం ట్రైనర్ల పని. మీ అమ్మాయిది ఫ్రంట్ డెస్క్ పక్కన కుర్చీ, ఒక ఫోను, ఎంక్వైరీల జాబితా. లీడ్లకు, అంటే చేరే అవకాశమున్నవాళ్లకు, ఫోన్లు చేయాలి, వాక్-ఇన్‌గా నేరుగా వచ్చినవాళ్లకు జిమ్ అంతా తిప్పి చూపించాలి, ప్యాకేజీలు వివరించాలి, ‘ఇంట్లో అడిగి చెప్తా’ అని జారుకున్నవాళ్లను వారం తర్వాత మళ్లీ కదపాలి. కార్ల షోరూములో, ఇన్సూరెన్స్ ఆఫీసులో పిల్లలు చేస్తున్నదీ ఇదే కదా.

నా దిగులు వేరే. ఈ వ్యాపారంలోనే ఒక తిరకాసు ఉంది. డబ్బు కట్టి రానివాళ్ల పుణ్యమా అని బతికే జిమ్‌లు చాలా ఉన్నాయి. (నేనూ ఒకసారి ఏడాదికి కట్టి పదకొండు రోజులు వెళ్లాను. పన్నెండో రోజు వాన పడింది.) అమెరికాలో డెల్లావిన్యా, మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మూడు జిమ్‌లలోని 7,752 మంది సభ్యుల రికార్డులు తిరగేసి 2006లో ఒక లెక్క బయటపెట్టారు. నెలకు 70 డాలర్లకు పైన కడుతున్నవాళ్లు సగటున నెలకు 4.3 సార్లే వస్తున్నారట. అంటే వచ్చిన ఒక్కోసారికీ 17 డాలర్ల పైనే పడుతోంది. పదిసార్ల పాసు కొనుక్కుని ఉంటే ఒక్కోసారికి 10 డాలర్లతో పోయేది. ఊరు వేరైనా మనిషి బద్ధకం ఒకటే.

కాబట్టి మీ అమ్మాయి ఏ రకం జిమ్‌లో చేరుతోందో ముందు తెలియాలి. ఒక రకంలో కొత్త తలలు పడితే చాలు. ఒకటో తారీఖు రాగానే టార్గెట్ మళ్లీ సున్నా నుంచి మొదలు. ‘ఆఫర్ ఇవాళ్టితో ఆఖరు సార్’ అన్న మాట నెలలో ముప్ఫై రోజులూ అనాలి. ఆరు నెలలకు గొంతు, మనసు రెండూ అరిగిపోయి పిల్లలు మానేస్తారు. చేతిలో మిగిలే విద్య కూడా తక్కువే.

రెండో రకంలో చేరినవాళ్లను నిలబెట్టుకోవడం మీద ధ్యాస ఉంటుంది. మూడు వారాలుగా కనిపించని మనిషికి ఫోన్ చేసి కారణం కనుక్కుంటారు. మోకాలి నొప్పి అంటే ట్రైనర్‌తో మాట్లాడిస్తారు, ఊరెళ్తున్నానంటే ఆ రోజులు వృథా కాకుండా మెంబర్‌షిప్ ఫ్రీజ్ చేస్తారు, గడువు తీరేలోపు రెన్యువల్ చేయిస్తారు. ఈ పని వచ్చిన పిల్లను రేపు బ్యాంకు తీసుకుంటుంది, ఆసుపత్రి తీసుకుంటుంది, సాఫ్ట్‌వేర్ కంపెనీ కస్టమర్ టీము తీసుకుంటుంది.

ఏ రకమో తెలుసుకోవడానికి ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు చాలు. పోయిన ఏడాది చేరినవాళ్లలో ఎంతమంది రెన్యువల్ చేశారు? రెన్యువల్ మీద నాకు ఇన్సెంటివ్ ఉందా, కొత్తవాటి మీదేనా? మేనేజరు కచ్చితమైన నంబరు చెప్పకపోయినా ఫర్వాలేదు. ‘అవన్నీ నీకెందుకమ్మా, నువ్వు క్లోజింగ్ (బేరం ముగించి డబ్బు కట్టించడం) చూసుకో’ అన్నాడంటే మాత్రం లేచి వచ్చేయమనండి.

ఇంకా తలుపులు తెరవని జిమ్ అయితే రెన్యువల్ ప్రశ్నకు జవాబే ఉండదు. మాల్‌లో స్టాలు పెట్టి ప్రీ-లాంచ్ ఆఫర్ పేరుతో ముందే డబ్బు వసూలు చేయిస్తారు. తొలి ఉద్యోగానికి అలాంటిది వద్దు. జిమ్‌లు మూతపడటం వింతేమీ కాదు. 1932లో ముంబైలో మొదలైన తల్వాల్కర్స్ అంతటి పాత పేరే 2019లో అప్పులు తీర్చలేక చిక్కుల్లో పడింది. 2020 మార్చిలో కోవిడ్‌కు మూసిన జిమ్‌లకు కేంద్రం ఆగస్టు 5 దాకా అనుమతి ఇవ్వలేదు. షట్టర్ పడ్డాక జనం వెతికేది ఓనరును కాదు, తమ చేత డబ్బు కట్టించిన అమ్మాయిని. అందుకే ఒక్క రూపాయి కూడా తన సొంత ఫోన్‌పేలోకి తీసుకోకూడదు. ‘ఇప్పటికి నీ నంబరుకు వేయించుకో, సాయంత్రం కడుదువులే’ అని మేనేజరే చెప్పినా సరే. కంపెనీ క్యూఆర్, కంపెనీ రసీదు, అంతే. లీడ్లకు ఫోన్లు కూడా కంపెనీ సిమ్ నుంచే చేయాలి. సొంత నంబరు నుంచి రోజుకు వంద ప్రచార కాల్స్ చేసి, అవతలివాళ్లు ప్రచార కాల్స్ మీద ఫిర్యాదులు తీసుకునే 1909 నంబరుకు చెబితే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ఆ నంబరే కట్ కావచ్చు.

ఇక డబ్బు. 15 వేలు అంటే చేతికొచ్చేదా, పీఎఫ్, ఈఎస్‌ఐ కోతలకు ముందుదా అని అడగాలి. ఇన్సెంటివ్ నోటిమాటగా వద్దు, కాగితం మీద ఉండాలి. టార్గెట్‌లో 90 శాతం చేస్తే కొంతైనా ఇస్తారా, అసలు లేదా? కస్టమర్ మధ్యలో డబ్బు వాపసు అడిగితే ఇచ్చిన ఇన్సెంటివ్ వెనక్కి తీసుకుంటారా? ఆమె చదివిన జీఎస్టీ ఇక్కడ అక్కరకొస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ ఫీజు మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది, ఇన్‌పుట్ క్రెడిట్ (జిమ్ తాను కొన్నవాటి మీద కట్టిన పన్నును మినహాయించుకునే వీలు) మాత్రం లేదు. ఫీజు 12 వేలు అనుకుంటే అప్పట్లో కస్టమర్ కట్టాల్సింది 14,160, ఇప్పుడు 12,600. ఇన్సెంటివ్ లెక్క ఆ 12 వేల మీదా, పన్నుతో కలిపిన మొత్తం మీదా? ‘పన్ను తగ్గింది, మీరు రేటెందుకు తగ్గించలేదు’ అని నిలదీసే కస్టమర్‌కు క్రెడిట్ సంగతి అర్థమయ్యేలా చెప్పగలిగే మనిషి ఆ డెస్క్ దగ్గర అరుదు. మీ అమ్మాయి చెప్పగలదు.

టైమింగ్స్ గురించి మీవారి భయాన్ని నేను తీసిపారేయను. జిమ్‌కు జనం వచ్చేది పొద్దున ఆరింటి నుంచి, మళ్లీ సాయంత్రం ఆరు తర్వాత. అందుకని కొన్నిచోట్ల పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు చేయిస్తారు. హాస్టల్ దూరమైతే రోజంతా దానికే సరి. ఒకే షిఫ్టు అడగమనండి. రాత్రి డ్యూటీ ఉంటే ఎలా వెళ్తుందో ముందే తేల్చుకోవాలి. మెంబర్లలో ఎవరైనా వెకిలిగా మెసేజ్‌లు పెడితే సర్దుకుపోనక్కర్లేదు. పనిచోటికి వచ్చే బయటివాళ్ల నుంచి కూడా మహిళా ఉద్యోగికి రక్షణ కల్పించే బాధ్యత పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 చట్టం యజమాని మీదే పెట్టింది. పదిమంది, ఆపైన పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. కమిటీలో ఎవరున్నారో చేరిన రోజే అడిగి పెట్టుకోవాలి.

నన్నడిగితే, ఆ రెండు ప్రశ్నలకు సరైన జవాబొస్తే ఏడాది చేయనివ్వండి. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్న పిల్లకు రోజూ నలుగురితో మాట్లాడే పని దొరకడం చిన్న విషయం కాదు. అకౌంట్స్ వదిలేయమని కాదు, ఆ జిమ్‌లోనే బిల్లింగ్, నెలవారీ లెక్కలు చూసేవాళ్లు ఉంటారు, వాళ్లతో పరిచయం పెంచుకోమనండి. చేరేముందు ఒక సాయంత్రం ఏడింటికి మీరూ మీవారూ మామూలు కస్టమర్లలా ఆ జిమ్‌కు వెళ్లి రేట్లు అడిగి రండి. మీకు ఎలా అమ్మజూస్తారో, రేపు మీ అమ్మాయి చేత అలాగే అమ్మిస్తారు. ఆఫర్ లెటర్ వచ్చాక ఇన్సెంటివ్ రాసి ఉన్న పేజీ ఒక్కటి ఫొటో తీసి పంపండి, సంతకం పెట్టేలోపు చూసి చెప్తాను.