'సత్యాన్ని తెలిశాను' అనొచ్చా?

సందేహం: "నేను సత్యాన్ని తెలిశాను" అని ఒక వ్యాసంలో రాస్తే తప్పని దిద్దారు, ఎందుకు తప్పు? అలాగే 'అహం సత్యాన్ని ఒప్పుకోదు' అంటారు, మళ్ళీ 'అహం బ్రహ్మాస్మి' అనీ అంటారు, ఒకే మాట రెండుచోట్లా ఎలా సరిపోతుంది? ఈగో, అహంకారం ఒకటేనా?

సమాధానం: మీరు విడివిడిగా అడిగారు గానీ నాకు ఇవన్నీ ఒకే ప్రశ్న అనిపిస్తోందండీ, మొదటిదాన్ని సరిగ్గా పట్టుకుంటే మిగతావి దాని వెనకే వస్తాయి.

దిద్దినవాళ్ళు కరెక్టే. ఇవాళ్టి వాడుకలో 'తెలియు' అనే క్రియకి 'నేను' కర్తగా రాదు. 'సత్యం నాకు తెలిసింది' అంటాం. ఇందులో కర్త ఎవరు? సత్యం. అందుకే క్రియ చివర '-ది' వచ్చింది, నేనేమో 'నాకు' అయిపోయి పక్కన నిలబడ్డాను. అర్థమైంది, గుర్తొచ్చింది, నచ్చింది, కోపమొచ్చింది, నిద్రపట్టింది, అన్నీ ఇదే దారి, ఇవి నాకు జరిగేవే గానీ నేను చేసేవి కావని తెలుగు ఎప్పుడో తేల్చేసింది. పాత పద్యాల్లో పాటల్లో 'తెలియలేరు' లాంటి ప్రయోగాలు కనిపిస్తాయి, 'ఎరుగు' అనే క్రియకైతే నేనే కర్త (నేనెరగను అంటాం కదా), కానీ రోజూ మన నోట్లో ఆడేది 'నాకు తెలుసు', 'నాకు తెలీదు' మాత్రమే.

మరి 'తెలుసుకున్నాను' అనొచ్చుగా అంటారేమో, అనొచ్చు. అక్కడ 'కొను' చేరింది, కొను అంటే తీసుకోవడం, దాంతో నేను మళ్ళీ కర్త స్థానంలోకి వచ్చేశాను, 'నేను' అన్న మాట తీసేసినా క్రియ చివర '-ను' రూపంలో ఉండనే ఉంటాను. నన్నడిగితే అహం పెట్టే పేచీ అంతా ఈ రెండు క్రియల మధ్యే ఉందండీ. జపం చేశాను, ఉపవాసం ఉన్నాను, ఇన్ని గ్రంథాలు చదివాను, ఇంత తెలుసుకున్నాను, వీటిల్లో దేనికీ అహం అడ్డు చెప్పదు, పైగా అదే ముందుండి చేయిస్తుంది, ఎందుకంటే అన్నిట్లోనూ దానికి చోటుంది. తీరా సత్యం 'తెలిసే' దగ్గరికొచ్చేసరికి చోటు పోతుంది. అప్పుడు వాదన మొదలుపెడుతుంది, వాయిదా వేస్తుంది, ఇంకో గ్రంథం చదివాక చూద్దాంలే అంటుంది. గీత 3వ అధ్యాయం 27వ శ్లోకంలో 'అహంకారవిమూఢాత్మా కర్తాహమితి మన్యతే' అని ఉంది, అహంకారం వల్ల మూఢుడైనవాడు 'నేనే కర్తని' అనుకుంటాడని. అక్కడ పడిన మాట కూడా కర్తే చూడండి!

అలాగని 'నేను'ని వాక్యంలో పక్కకి జరిపితే అహం తగ్గినట్టు కాదు. పరీక్ష పాసైతే 'పాసయ్యాను' అంటాం, మన చేతిలోంచి జారి గ్లాసు పగిలితే 'పగిలిపోయింది' అంటాం, ఎవర్నో బాధపెడితే 'పొరపాటు జరిగిపోయింది' అంటాం. మంచికి కర్త కావాలి, చెడుకి మాత్రం తనంతట తాను జరిగినట్టుండాలి. 'నా అహం అడ్డొచ్చింది' అనేది కూడా ఈ కోవలోదే. సంస్కృతంలో 'అహం' అంటే వట్టి 'నేను', సర్వనామం. తెలుగు దాన్ని నామవాచకం చేసుకుని పుస్తకానికి, పుస్తకాన్ని లాగే అహానికి, అహాన్ని అంటోంది ('అహంకు' అని రాయకండి). అంటే నేను కాస్తా 'అది' అయిపోయింది. అడ్డొచ్చింది నేను కాదు, ఎక్కడో ఉన్న ఆ అహం! ఈ ఒక్క వాక్యంలో మనిషి ఎంత నేర్పుగా తప్పించుకుంటున్నాడో గమనించారా?

ఈగో కూడా లాటిన్‌లో 'నేను' అనే మాటే, అహం దానికి చుట్టమే, ఒకే మూలం నుంచి వచ్చిన సర్వనామాలు. మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ 1923లో జర్మన్‌లో మామూలుగా 'నేను' అనే రాస్తే ఇంగ్లీషు అనువాదంలో దాన్ని లాటిన్ చేశారు. అహంకారం అంటే అసలు అర్థం పొగరు కాదు. ఓంకారం, హుంకారం లాగా అహం-కారం, 'నేను' అని పలకడం, నాకు ఈ వివరణే సరైందనిపిస్తుంది. సాంఖ్యంలో (మన ప్రాచీన దర్శనాల్లో ఒకటి) అది తిట్టు కాదు, సృష్టిని వివరించడానికి చెప్పిన 25 తత్వాల్లో ఒకటి, దానికి ఇచ్చిన నిర్వచనం 'అభిమానం'. మనకి అభిమానం అంటే ప్రేమ, అక్కడ మాత్రం ప్రతిదాన్నీ 'నేను, నాది' అనుకోవడం. కాబట్టి పొగరుబోతు గురించి రాసేటప్పుడు గర్వం, మిడిసిపాటు అనండి, సాధన గురించైతే అహంకారం అనండి, ఎంతో అణకువగా కనిపించే మనిషిలోనూ అది ఉంటుంది కనక.

ఇక 'అహం బ్రహ్మాస్మి', బృహదారణ్యక ఉపనిషత్తులోది. ఇందులోనూ 'అహం' ఉంది గానీ అది చేసేదేమీ లేదు, 'అస్మి' అంటే ఉన్నాను, అయి ఉన్నాను, అంతే. తెలుగులో ఐతే అసలు క్రియే అక్కర్లేదు, 'నేను బ్రహ్మాన్ని' అంటే సరిపోతుంది (బ్రహ్మను అంటే నాలుగు తలల దేవుడనుకుంటారు, ఇక్కడ బ్రహ్మం, అంటే పరతత్వం). మీ వాక్యాన్ని మాత్రం 'సత్యం నాకు తెలిసింది' అని మార్చుకోండి, 'నాకు' అన్నది కూడా తీసేసి 'సత్యం తెలిసింది' అని రాసినా వ్యాకరణపరంగా ఏ లోటూ లేదు.