కసరత్తు గట్టిగా చేస్తే స్టెరాయిడ్ చెడు చెమటలో పోతుందా?

మీ తమ్ముడు విజయవాడ పటమటలో జిమ్‌కి వెళ్తూ నాలుగు నెలలుగా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, రోజూ స్టానోజోలాల్ బిళ్లలు (రెండూ కండ పెంచే స్టెరాయిడ్లే) వాడుతున్నాడనీ, ఇంట్లో ప్రతిదానికీ కస్సుమంటున్నాడనీ, "కసరత్తు చేసేవాడికి ఏం కాదు" అని కోచ్ అన్నాడనీ రాశారు.

కోచ్ మాట తప్పు. అయితే కండ పెరగడం మాత్రం అబద్ధం కాదు. 1996లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ పది వారాలిచ్చారు. కసరత్తు మాత్రమే చేసినవాళ్లకి కొవ్వు కాని బరువు దాదాపు 2 కిలోలు, మందు మాత్రమే తీసుకున్నవాళ్లకి 3 పైన, రెండూ కలిస్తే 6 కిలోలు పెరిగింది. అంటే సూది వేయించుకుని ఊరికే కూర్చున్నవాడు చెమటోడ్చినవాణ్ని దాటేశాడు. అద్దంలో ఇది కనబడుతుంటే మన మాట ఎవరు వింటారు? కానీ వాళ్లు కాలేయానికి చెడు చేసే ఇలాంటి బిళ్లలు మింగలేదు, డాక్టర్ల కళ్లముందే ఉన్నారు.

కసరత్తు ఇంకో పని చేస్తుంది, రిపోర్టుల్ని తికమక పెడుతుంది. కాలేయ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కాలేయం నుంచే కాదు, నలిగిన కండ నుంచి కూడా రక్తంలోకి వస్తాయి. కాళ్ల వర్కవుట్ మర్నాడు రక్తం ఇస్తే పెరిగే ఉంటాయి. అందుకని వారం రోజులు బరువులు ఆపి, జీజీటీ, సీపీకే (కండ నలిగితే పెరిగేది) కూడా రాయించుకోవాలి. జీజీటీ కండ వల్ల పెరగదు. అది పెరిగితే కాలేయం వైపు చూడాల్సిందే. ఒళ్లంతా దురద, ముదురు మూత్రం, పచ్చబడ్డ కళ్లు కనిపిస్తే మాత్రం వారం ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి.

సీబీసీ రక్తపరీక్షలో పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూడండి. 54 దాటితే రక్తం చిక్కబడినట్టే. రోహిణీ కార్తె ఎండలో నీళ్లు తాగకుండా ఇచ్చినా అది పెరుగుతుంది కాబట్టి నీళ్లు తాగి వెళ్లాలి. లిపిడ్ ప్రొఫైల్‌లో హెచ్‌డీఎల్‌ని (మంచి కొలెస్ట్రాల్) ఈ బిళ్లలు బాగా పడేస్తాయి. బీపీ, 2డీ ఎకో (గుండె స్కాన్), ఉదయం పూట హార్మోన్ పరీక్షలైన ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్ కూడా కావాలి. సీసాలు పంచుకుని వాడుతుంటే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలు తప్పవు.

ఇక కోపం. అందరికీ రాదు, కొద్దిమందికే తీవ్రంగా వస్తుంది. కస్సుమనడం కన్నా నిద్ర గమనించండి. మూడు నాలుగు గంటలే పడుకుని హుషారుగా తిరుగుతుంటే, డబ్బు విసిరేస్తుంటే, బండి మీద రెచ్చిపోతుంటే సైకియాట్రిస్టుకి చూపించాలి.

నన్నడిగితే అసలు భయం మానేశాక. బయటి హార్మోన్ వస్తున్నన్నాళ్లూ ఒంట్లో సొంత తయారీ పడుకుంటుంది. చివరి సూది ప్రభావం సాధారణంగా కొన్ని వారాల్లో దిగిపోతుంది, సొంతది లేవడానికి మాత్రం నెలలు పట్టొచ్చు, కొందరికి ఏడాది దాటుతుంది. ఆ మధ్యలో కండ కరుగుతుంది, కోరిక చచ్చిపోతుంది, దిగులు పట్టుకుంటుంది. చాలామంది మళ్లీ సూది పట్టేది అప్పుడే. చావు మాట ఎత్తితే వాణ్ని ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

బిళ్లలు ఇవాళే ఆపించండి. ఇంజెక్షన్ల సంగతి, మానేశాక వాడమని జిమ్‌లో ఇచ్చే మాత్రల సంగతి ఎండోక్రైనాలజిస్టుకి (హార్మోన్ల డాక్టరుకి) వదిలేయండి. చనుమొన కింద నొప్పితో గట్టి గడ్డ తగులుతుంటే అదీ చెప్పాలి, ముదిరితే ఆపరేషనే. వెళ్లేటప్పుడు ఖాళీ సీసాలు, స్ట్రిప్పులు కవర్లో వేసుకెళ్లండి. లేబుల్ మీద రాసిందే లోపల ఉందన్న గ్యారంటీ లేదుగానీ, డాక్టరుకి మొదలుపెట్టడానికి అవే కావాలి.