పై అంతస్తు తర్వాత, ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: నా వయసు 38. హన్మకొండలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. చేతికి 62 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 32 వేలు, అద్దె 9 వేలు. భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న అందరం కలిసే ఉంటాం. హసన్‌పర్తి వైపు 180 గజాల ప్లాటు ఉంది. కింద ఒక్కటే వేస్తే 28 లక్షలు, పైన కూడా వేస్తే 46 లక్షలు అవుతాయని మేస్త్రీ చెప్పాడు. నా దగ్గర 9 లక్షలున్నాయి. బ్యాంకు 28 లక్షల దాకా ఇస్తానంటోంది. మిగతాది పర్సనల్ లోన్ 5 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల మిత్తికి 4 లక్షలు తెద్దామనుకుంటున్నా. పైన 12 వేలకు అద్దెకిస్తే సగం ఈఎంఐ దాంతోనే పోతుంది. నిరుడు మూడు నెలలు జీతం ఆగితే మా ఆవిడ గాజులు కుదువ పెట్టి నెట్టుకొచ్చాం, ఇప్పుడు అంతా సర్దుకుంది. ఒకేసారి రెండంతస్తులు వేయడం మంచిదేనా?

జవాబు: వద్దు. కింద ఒక్కటే వేయండి.

ఇలాంటి ప్రశ్నలు వారానికి రెండు మూడు వస్తాయి. మీదే ఎంచుకోవడానికి కారణం ఆ గాజుల మాట. మీరు దాన్ని ఇలా అని అలా వదిలేశారు, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. మూడు నెలలు జీతం ఆగితే ఏమవుతుందో మీకు నిరుడే తెలిసింది. అప్పుడు మీకు ఈఎంఐ లేదు, గాజులున్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలున్నాయని ప్రైవేటు కాలేజీలు జీతాలు ఆపడం మన దగ్గర కొత్తేం కాదు. మళ్లీ ఆగదని మీకెవరైనా రాసిచ్చారా? అయినా ఉన్న 9 లక్షలూ ఇంట్లో పోసేస్తామంటున్నారు. ఇల్లు కట్టేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే: ఆఖరి రూపాయి దాకా సిమెంటులో కలిపేసి, గృహప్రవేశం మర్నాటి నుంచి చేబదుళ్లకు తిరగడం.

మీ లెక్కే మీ ముందు పెడతాను. హోమ్ లోన్ 8.5 శాతం, 20 ఏళ్లు అనుకుంటే 28 లక్షలకు ఈఎంఐ సుమారు 24,300. అద్దెతో సగం పోయేది ఈ ఒక్కటే. 5 లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే మరో 11,600. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం, 4 లక్షలకు నెలకు 8 వేలు. అది ఒట్టి మిత్తే, అసలు అలాగే కూర్చుంటుంది. మొత్తం 44 వేలు. ఇంటి ఖర్చు 32 వేలు కలిపితే 76 వేలు. మీ జీతం 62. పైన అద్దె 12 వేలు ఠంచనుగా వచ్చినా నెలనెలా రెండు వేలు తక్కువే పడతాయి.

కట్టేటప్పుడైతే ఇంకా ఇబ్బంది. పర్సనల్ లోన్, మిత్తి మొదటి నెల నుంచే నడుస్తాయి. ఉన్న ఇంటి అద్దె ఎలాగూ తప్పదు. ఇవన్నీ పోగా మీకు మిగిలేది 1,400. బ్యాంకు అప్పటికి 10 లక్షలు విడుదల చేస్తే దాని వడ్డీయే నెలకు ఏడు వేలు. పైన కిరాయికి మనుషులు దిగేసరికి ఏడాది దాటుతుంది. ఈలోగా ఎక్కడ తెస్తారు, ఇంకో రెండు రూపాయలకా?

మిత్తి గురించి ఒక మాట గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. తెలిసినవాళ్లు అన్నారు కదా, ఆ తెలిసినవాళ్లు మీ దగ్గర ప్రామిసరీ నోటు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు తీసుకుంటారా లేదా? తీసుకుంటారు. చెక్కు బౌన్స్ కేసులో రెండేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. పై అంతస్తుకు 18 లక్షలు పెడితే వచ్చేది ఏడాదికి 1.44 లక్షలు, అంటే 8 శాతం. ఇల్లు ఖాళీగా ఉండే నెలలు, సున్నాలు, మోటారు రిపేర్లు తీస్తే ఏడుకు దిగుతుంది. ఏడు శాతం వచ్చేదానికి 24 శాతం మిత్తికి తెచ్చి పెట్టడం వ్యాపారం ఎలా అవుతుంది? ఇంకోటి, పర్సనల్ లోన్ ముందే తీసుకుంటే బ్యాంకు ఆ ఈఎంఐని లెక్కలోకి తీసుకుని మీకిస్తానన్న 28 లక్షల్లోనూ కోత పెడుతుంది.

ఒకేసారి వేస్తే చవక అని మేస్త్రీ అని ఉంటాడు. అబద్ధం కాదు. సెంట్రింగ్, కూలీలు, ఇసుక దింపుకోవడం అన్నీ కలిసొస్తాయి. కానీ ఆ 4 లక్షలకు మూడేళ్లు మిత్తి కడితే 2.88 లక్షలు. మిగిలిందంతా అక్కడే పోయింది. పైగా మేస్త్రీ చెప్పిన 46లో బోరు, సంపు, ప్రహరీ, గేటు, కరెంటు మీటరు ఉన్నాయా? అడగండి. గృహప్రవేశం దావత్ మాత్రం కచ్చితంగా లేదు.

నాకు తెలిసిన ఒకాయన కరీంనగర్ రోడ్డులో ఇలాగే మొదలుపెట్టాడు. పైన స్లాబ్ పడింది, గోడలు లేచాయి, డబ్బులైపోయాయి. నాలుగేళ్లుగా ప్లాస్టరింగ్ లేని ఇటుక గోడలు, కిటికీలకు ఎన్నికల నాటి ఫ్లెక్సీలు. వాన పడితే మెట్ల మీదుగా నీళ్లు కింది హాల్లోకే వస్తాయి. అద్దె రూపాయి రాలేదు, మిత్తి మాత్రం ఇప్పటికీ కడుతున్నాడు.

మీరు చేయాల్సింది ఇది. 9 లక్షల్లో 4 లక్షలు ఇవాళే వేరే బ్యాంకులో ఎఫ్‌డీ చేయండి. ఇంటి ఖర్చు 32 వేలు, ఈఎంఐ 20 వేలు, రెండూ కలిపి ఆరు నెలలకు 3 లక్షలు దాటుతుంది. ఆ 4 లక్షల్లో మిగిలేది ఇల్లు కట్టే కాలంలో అద్దెకు, జ్వరాలకు. టైల్స్ బాగున్నాయనో, టేకు తలుపు కావాలనో దాన్ని ముట్టొద్దు. మీ ఆవిడ పేరు జాయింటుగా పెట్టండి, గాజులు కుదువ పెట్టిన మనిషి కాబట్టి అంత తేలిగ్గా తీయనివ్వరు. మిగతా 5 లక్షలు, బ్యాంకు నుంచి 23 లక్షలు, ఈఎంఐ 20 వేల లోపే. ఇల్లు పూర్తయ్యాక నెలకు 10 వేలు మిగులుతాయి.

టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బు వచ్చే బీమా, ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే లోన్ మొదటి విడత తీసుకోకముందే కోటికి తీసుకోండి, లోన్‌తో పాటు బ్యాంకు అంటగట్టే పాలసీ దీనికి బదులు కాదు. కాలేజీ ఇచ్చే హెల్త్ కవర్ ఉద్యోగంతో పాటే పోతుంది, సొంతంగా ఒకటి ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

హోమ్ లోన్ తీసుకుంటే పన్ను కలిసొస్తుందని ఎవరైనా చెబితే వినకండి. కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్నే పడదు, మీ జీతం అందులోపే. చిట్టీ ఎత్తి పైన వేయడం కూడా అప్పే.

పునాది, పిల్లర్లు మాత్రం రెండంతస్తులకు సరిపోయేలా ఇప్పుడే స్ట్రక్చరల్ ఇంజినీరు చేత డిజైన్ చేయించండి. నేల నల్లరేగడి అయితే ఈ విషయంలో మేస్త్రీ మాట చాలదు. మెట్లు బయటి నుంచి పెట్టించండి, అమ్మానాన్న ఎలాగూ కిందే ఉంటారు. ఆ 4 లక్షలు కదలకుండా విడిగా మరో 8 లక్షలు పోగైన రోజు మళ్లీ రాయండి, పైది అప్పుడు చూద్దాం. అప్పటిదాకా స్లాబ్ మీద వదిలిన రాడ్లకు సిమెంటు పాలు పూయించండి, లేకపోతే రెండు వానాకాలాలకే తుప్పు పడతాయి.