కొత్త సంఘానికి ఏ ఊరు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా క్రైస్తవ సంఘం (చర్చి) ఖమ్మంలో ఉంది. ఆదివారం 180 మంది దాకా వస్తారు. వచ్చే ఏడాది ఇంకో నగరంలో సంఘం మొదలుపెట్టాలని తీర్మానించాం. కొందరు హైదరాబాద్ అంటున్నారు, కొందరు వరంగల్, యువకులేమో బెంగళూరు. ఎలా తేల్చుకోవాలి?
– ఒక సంఘ పెద్ద, ఖమ్మం

జవాబు: ముందు మీ సంఘ రిజిస్టరు తెరవండి. ఒక్కో కుటుంబం పేరు పక్కన, బయటి ఊళ్లలో ఉన్న వాళ్ల పిల్లలు, తోబుట్టువులు ఏ కాలనీలో ఉంటున్నారో, డ్యూటీ ఏ వేళలో రాసుకోండి. ఊరికే ‘హైదరాబాద్’ అని రాస్తే లాభం లేదు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో లైనే 29 కిలోమీటర్లు. ఆ చివర పది ఇళ్లు, ఈ చివర పది ఇళ్లు ఉంటే ఆదివారం ఎలాగోలా వస్తారు గానీ బుధవారం రాత్రి ప్రార్థనకు రారు. కొత్త సంఘం నిలబడేది ఆ బుధవారాల మీదే. వరంగల్‌లో అరగంటలో ఒకచోట చేరగల ఏడెనిమిది కుటుంబాలు ఉంటే, చెల్లాచెదురుగా ఇరవై కుటుంబాలున్న హైదరాబాద్ కన్నా మేం వరంగల్‌కే ఓటేస్తాం. బెంగళూరు కుర్రాళ్లు ఉద్యోగం మారితే ఊరు మారతారు. పెళ్లయి, పిల్లల్ని అక్కడి బడిలో వేసినవాళ్లు ఎందరో విడిగా లెక్కపెట్టండి.

రెండోది, అక్కడ ఇప్పటికే ఉన్న సంఘాలు. గుంటూరులో 1842 నుంచి లూథరన్లు, ఒంగోలులో బాప్టిస్టులు, మెదక్‌లో మెథడిస్టులు పనిచేశారు. అలాంటి పాత కేంద్రాల్లో కొత్త బోర్డు కడితే ముందుగా వచ్చేది పక్క సంఘం వాళ్లే. దాన్ని గొర్రెల దొంగతనం అంటారు, అనడంలో తప్పూ లేదు. వేరొకరి పునాది మీద కట్టనన్నాడు బైబిల్లో అపొస్తలుడు పౌలు (రోమా 15:20). మొదటి 30 మందిలో పదిమందికి మించి వేరే సంఘం సభ్యులైతే ఆగి, వాళ్ల పాస్టర్లతో మాట్లాడండి.

ఇక హాలు. మనిషికి 10 చదరపు అడుగుల చొప్పున 40 మందికి 400, సండే స్కూలు గదికి ఇంకో 100, పదిహేను బైకులకు చోటు. ఎక్కువ సంఘాలు దెబ్బతినేది ఇక్కడే: నివాసానికని ఇల్లు తీసుకుని కూడికలు పెడతారు, డోలక్ మోతకు పక్కింటివాళ్లు గొడవ చేస్తారు, మూడో నెలలో ఓనరు ఖాళీ చేయమంటాడు. కూడికలు జరుగుతాయన్న మాట అగ్రిమెంటులోనే రాయించండి. మైకు వాడాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. 2000 నాటి శబ్ద నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. నలభై మందికి అసలు మైకెందుకన్నది మా ప్రశ్న.

ఖర్చు 18 నెలలకు వేయండి. ఉదాహరణకు హాలు 15,000, సేవకుడి (పాస్టరు) ఇల్లు 12,000, పోషణ 20,000, ప్రయాణాలు 5,000 అనుకుంటే నెలకు 52,000, మొత్తం 9,36,000. అడ్వాన్సు వేరే. ఇస్తామన్న మాటల్ని కాకుండా, గత ఏడాది నిజంగా వచ్చిన మిషన్ కానుకల్ని చూసి లెక్క వేయండి.

ప్రశ్న: దర్శనంలో ఊరి పేరు వచ్చాక ఈ లెక్కలెందుకు?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అపొస్తలుల కార్యములు 16 చదవండమ్మా. దర్శనంలో పౌలు విన్నది ‘మాసిదోనియ’ అన్న ప్రాంతం పేరు మాత్రమే. ఓడ దిగింది నెయపొలిలో, పని మొదలుపెట్టింది ఫిలిప్పీలో, అదీ ఊరి బయట నదీతీరాన ప్రార్థన జరుగుతుందనుకున్న చోట. అక్కడ కూడివచ్చిన స్త్రీలతో మాట్లాడితే లూదియ అనే విశ్వాసి దొరికింది. దర్శనం వచ్చాక కూడా ఊరు, చోటు వెతుక్కోవాల్సే వచ్చింది.

ప్రశ్న: సిరిసిల్ల నుంచి సూరత్ వెళ్లిన మా నేతకార్మిక బంధువులు అక్కడ తెలుగు సంఘం పెట్టమంటున్నారు.
– ఒక సేవకుడు, సిరిసిల్ల

జవాబు: పిలిచేవాళ్లుండటం పెద్ద బలం. అయితే మరమగ్గాల మీద పగలు, రాత్రి షిఫ్టులుంటాయి. ఆదివారం ఉదయమే ఆరాధన అని ముందే ఖాయం చేయకండి, వాళ్లకు సెలవు ఏ రోజో కనుక్కోండి. పెద్దలకు తెలుగు వాక్యం చాలు, అక్కడే పుట్టిన పిల్లలకు హిందీ లేదా గుజరాతీ చెప్పగల సండే స్కూలు టీచరు కావాలి. ఆ మనిషి దొరికేదాకా తేదీ ప్రకటించవద్దు. గుజరాత్‌లో మతమార్పిడులపై 2003 చట్టం ఉంది, 2021లో సవరించారు. బాప్తిస్మాల సంగతి ఎత్తేముందు అక్కడి వకీలును ఒకసారి కలవండి.