అంత నల్లమబ్బు కింద డెల్ఫ్ట్ ఎందుకంత నిమ్మళంగా ఉంది?

డచ్ చిత్రకారుడు వెర్మీర్ 1660-61 ప్రాంతంలో వేసిన డెల్ఫ్ట్ ఊరి దృశ్యంలో పై అంచున అంత నల్లటి మబ్బున్నా చూస్తే దిగులు ఎందుకు పుట్టదని అడిగారు. నేనుండేది నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో. ఆ బొమ్మ ఉన్న మౌరిట్స్‌హౌస్ మ్యూజియానికి అప్పుడప్పుడూ దీని కోసమే వెళ్తుంటాను. నాకు తట్టింది చెప్తాను.

ముందు ఎండ పడని చోట్లు చూడండి. నీటి అంచున ఉన్న గోడ, రెండు నగర ద్వారాలు నీడలో ఉన్నాయి. వాటి వెనక, ఊరి లోపల మాత్రం కప్పుల మీదా, నీవ కెర్క్ చర్చి గోపురం మీదా ఎండ కాస్తోంది. మండువా ఇంట్లో చీకటి వసారాలో కూర్చుని నడిమి వాకిట్లో పడే ఎండను చూస్తున్నట్టుంటుంది. మబ్బు మన నెత్తిన ఉంది, ఊరు అప్పటికే తేరుకుంది. పైగా ఈ దేశంలో సముద్రపు గాలికి మబ్బు ఒకచోట నిలవదు. ఇక్కడ కొన్నాళ్లుంటే ఆ నలుపును చూసి ఎవరూ బెంగపడరు, కాసేపట్లో జరిగిపోతుందని తెలుసు.

వేళ కూడా బొమ్మలోనే ఉంది. ద్వారం మీది గడియారంలో ఏడు దాటింది. మనం దక్షిణం వైపు నుంచి చూస్తున్నాం, కాబట్టి కుడివైపు నుంచి వస్తున్నది పొద్దుటెండ.

నా మటుకు అసలు పనితనం నీళ్లలో ఉంది. ద్వారాల ప్రతిబింబాలను వెర్మీర్ తర్వాత కిందికి పొడిగించినట్టు పరీక్షల్లో తేలింది. అవి మనవైపు సాగి వచ్చి అవతలి ఒడ్డును దగ్గర చేస్తాయి, అంచులు చెదిరినట్టుండటంతో నీరు మెల్లగా కదులుతోందనీ తెలుస్తుంది. కుడివైపు పడవల మీద చిన్న చిన్న రంగు చుక్కలున్నాయి, తడి చెక్క తళుక్కుమన్నట్టు. కెమెరా అబ్‌స్క్యూరా అనే, ఎదుటి దృశ్యాన్ని లోపలి తెర మీద పడేలా చేసే చీకటి పెట్టెను వాడాడా లేదా అని జనం తెగ వాదించుకుంటారు కానీ, ఆ చుక్కలు ఎక్కడ పెట్టాలో తేల్చుకున్నది మాత్రం చిత్రకారుడి కన్నే.

మీరు చూసింది ఫోన్‌లోనో పుస్తకంలోనో అయితే నీడలు మరీ నల్లబడి ఉండొచ్చు. అసలు బొమ్మ వెడల్పు 115 సెంటీమీటర్లకు పైనే. ముందు దూరంగా నిలబడి చూసి, తర్వాత పడవల దగ్గరికి రండి. ఓపికుంటే ఒకటో నంబరు ట్రామెక్కి డెల్ఫ్ట్ వెళ్లొచ్చు. ఆ రెండు ద్వారాలూ పంతొమ్మిదో శతాబ్దంలోనే కూల్చేశారు. చర్చి గోపురం ఉంది గానీ, 1872లో పిడుగు పడ్డాక పైభాగాన్ని మళ్లీ కట్టారు, బొమ్మలో ఉన్నట్టు ఉండదు.